మనలి దగ్గు లెక్కలు: నమ్మకూడని సలహాలు

ఏ వీధి, బీడీ తాగుతారా, ఏ షిఫ్టు, దగ్గు ఉందా. ఇలా మూడు నాలుగు విషయాలు ఒకేసారి అడిగి, జవాబుల్ని గళ్ళలో సర్ది, ఒక్కో గడిలో ఎంతమంది పడ్డారో లెక్కపెడితే ఒక పట్టిక తయారవుతుంది. దాన్ని పట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రవాడికి సలహాలకు కొదవుండదు. పక్క సీటులో అన్న ఒకటి చెబుతాడు, ప్రాజెక్టు గైడు ఇంకొకటి చెబుతారు, హాస్టల్లో సీనియర్ మూడోది చెబుతాడు. వీళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు, పని త్వరగా తెమలాలని కోరుకునేవాళ్ళే. కానీ ఆ సలహాల్లో చాలావరకు తప్పులు. వాటివల్ల నష్టపోయేది ఆ గళ్ళలో ఉన్న మనుషులు. అందుకే వాటిని ఒక్కొక్కటిగా తీసుకుని, ఎందుకు వినకూడదో, వినకపోతే ఏం చేయాలో రాస్తున్నాను.

మనలిని ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. చెన్నై ఉత్తరపు కొసన ఉన్న ఈ ఊళ్ళో 1969లో చమురు శుద్ధి కర్మాగారం మొదలైంది. దాని చుట్టూ ఎరువుల ఫ్యాక్టరీ, పెట్రోకెమికల్ యూనిట్లు లేచాయి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక వాడలకు కాలుష్య సూచీ కట్టినప్పుడు మనలికి 76.32 వచ్చింది. 70 దాటితే తీవ్ర కాలుష్య ప్రాంతం కిందే లెక్క. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వరదతో పాటు చమురు కూడా కొట్టుకొచ్చి, బకింగ్‌హామ్ కాలువ మీదుగా ఎన్నూరు క్రీక్‌లో కలిసింది. జాలర్ల పడవలు, వలలు నల్లగా జిడ్డు పట్టాయి. ఇలాంటి చోట దగ్గు ఎవరికి ఎక్కువ, ఎందుకు ఎక్కువ అన్న ప్రశ్న పరీక్ష పేపర్లోది కాదు. తప్పుగా కట్టిన లెక్క ఒక వీధి గోడును పదేళ్ళపాటు వినపడకుండా చేయగలదు.

ఒక్క మాట ముందే చెప్పాలి. దగ్గు గురించి ఇక్కడ వాడే అంకెలు విషయం తెలియడం కోసం నేను వేసుకున్నవి, మనలిలో ఎవరూ కొలిచినవి కావు. తర్వాత వచ్చే బర్క్‌లీ, టైటానిక్ అంకెలు మాత్రం అసలువి. ఆర్ సాఫ్ట్‌వేర్‌తో పాటే ఆ పట్టికలు వస్తాయి, మీరే తెరిచి సరిచూసుకోవచ్చు.

“ముందు మోడల్ వేసేయ్, పట్టిక తర్వాత చూద్దాం”

అన్నిటికన్నా ఎక్కువగా వినపడే సలహా ఇదే. దీన్ని వింటే మిగతా తప్పులన్నీ దీని వెనకే వస్తాయి.

సర్వే చేసే అమ్మాయి ఉదయం పదకొండింటికి తలుపు కొడుతుంది. నైట్ షిఫ్ట్ చేసి ఆరున్నరకు ఇంటికొచ్చిన మనిషి లోపల గదిలో నిద్రపోతున్నాడు. భార్య బయటికొచ్చి, గొంతు తగ్గించి, “పడుకున్నారమ్మా, లేపితే కోప్పడతారు, నన్నడుగు” అంటుంది. షిఫ్టు ఏదంటే చెబుతుంది. దగ్గు సంగతి అడిగితే కాస్త ఆలోచించి, “ఏమో, నాకు తెలిసి పెద్దగా లేదు” అంటుంది. అమ్మాయి ఆ గడి ఖాళీగా వదిలేస్తుంది, లేదా ‘లేదు’ అని టిక్కు పెడుతుంది. రెండూ రెండు రకాల తప్పులు. ఖాళీగా వదిలేస్తే ఆర్‌లో ‘టేబుల్’ అన్న ఆజ్ఞ ఆ మనిషిని చెప్పాపెట్టకుండా లెక్కలోంచి తీసేస్తుంది. ఖాళీలను కూడా చూపించమని మనం అడిగితే తప్ప చూపించదు. అంటే నైట్ షిఫ్ట్ గళ్ళు చిన్నవిగా కనపడటానికి కారణం ఆ షిఫ్టులో మనుషులు తక్కువ కావడం కాదు, తలుపు కొట్టిన వేళ. ఈ సంగతి ఏ మోడలూ మీకు చెప్పదు.

కాబట్టి మోడల్ (ఇలాంటి పట్టికలకు వాడేది లాగ్-లీనియర్ మోడల్) మాట ఎత్తకముందు పట్టికను ఖాళీలతో సహా కాగితం మీద అచ్చు వేసుకోండి. ఆర్‌లో ‘ఎఫ్‌టేబుల్’ అని అడిగితే నాలుగు విషయాల పట్టికైనా చదవడానికి వీలుగా పరుస్తుంది. వీధులు మూడు రకాలు, బీడీ రెండు, షిఫ్టు మూడు, దగ్గు రెండు అనుకుంటే మొత్తం 36 గళ్ళు. 400 మందిని పంచితే సగటున గడికి 11 మంది. ఆ 36 అంకెల మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ చదవడానికి పది నిమిషాలు చాలు. చదువుతూ ప్రతి గడి దగ్గరా ఈ లెక్క ఇక్కడికి ఎలా వచ్చిందో అడగండి. ఒకే మనిషి మూడుసార్లు దవాఖానాకి వెళితే మూడుగా లెక్కించారా? అలాగైతే మీ పట్టికలో ఉన్నవి మనుషులు కారు, ఓపీ చీటీలు. గడిలో పడిన ప్రతి లెక్కా వేరు మనిషిది అన్న నమ్మకం మీదే ఈ మోడళ్ళన్నీ నిలబడతాయి.

“గళ్ళు ఎక్కువైపోయాయి, ఒక వరస కలిపేయ్”

ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైన సలహా, కాబట్టి కాస్త నెమ్మదిగా చూద్దాం.

షిఫ్టు సంగతి పక్కన పెట్టి, వీధులు రెండు రకాలే అనుకుని, వీధి, పొగ, దగ్గు మూడే తీసుకుందాం. ఫ్యాక్టరీ గోడకు ఆనుకున్న వీధుల్లో 200 మంది, దూరపు వీధుల్లో 200 మంది. గోడ పక్కన పొగ తాగేవాళ్ళు 40 మంది, వాళ్ళలో దగ్గేవాళ్ళు 20. తాగనివాళ్ళు 160 మంది, దగ్గేవాళ్ళు 64. దూరపు వీధుల్లో తాగేవాళ్ళు 160 మంది, దగ్గేవాళ్ళు 32. తాగనివాళ్ళు 40 మంది, దగ్గేవాళ్ళు 4.

వీధి అన్న వరస అక్కర్లేదని కలిపేశారనుకోండి. తాగే 200 మందిలో 52 మందికి దగ్గు, అంటే 26 శాతం. తాగని 200 మందిలో 68 మందికి, అంటే 34 శాతం. బీడీ తాగితే దగ్గు తగ్గుతుందని ఆ పట్టిక చెబుతుంది. విడదీసి చూస్తే గోడ పక్కన తాగేవాళ్ళలో 50 శాతం, తాగనివాళ్ళలో 40. దూరంగా 20, 10. రెండుచోట్లా తాగేవాళ్ళకే ఎక్కువ. కలిపిన పట్టిక తలకిందులుగా చెప్పింది.

దీన్ని చూసి ఎవరైనా ఉలిక్కిపడతారు కాబట్టి ఈ తప్పు దొరికిపోతుంది. రెండో రకం తప్పు అలా దొరకదు. ఈసారి వీధిని ఉంచి, పొగ వరసను కలిపేయండి. గోడ పక్కన 200లో 84 మంది, 42 శాతం. దూరంగా 36 మంది, 18 శాతం. తేడా 24 పాయింట్లు. చూడటానికి ఎక్కడా వింతగా లేదు, కాబట్టి ఎవరూ ప్రశ్నించరు. కానీ విడదీస్తే తాగేవాళ్ళలో వీధికీ వీధికీ తేడా 30 పాయింట్లు, తాగనివాళ్ళలోనూ 30 పాయింట్లే. దూరపు వీధుల్లో బీడీలు ఎక్కువ. ఆ బీడీల దగ్గు అక్కడి లెక్కను పెంచి, గోడ పక్క వీధుల బాధను 6 పాయింట్లు తక్కువ చేసి చూపింది. ఆ కాగితం ఏ ఆఫీసులో ఎవరి బల్ల మీదికి వెళుతుందో, దాన్ని చూసి ఎవరు ఊపిరి పీల్చుకుంటారో ఆలోచించండి. గళ్ళు కలపడాన్ని నేను చిన్న తప్పుగా ఎప్పటికీ చూడలేను.

ఇది కొత్త విషయం కాదు. యూల్ 1903లోనే రాశాడు, సింప్సన్ 1951లో మళ్ళీ రాశాడు, పేరు మాత్రం సింప్సన్‌కే దక్కింది. అందరూ చెప్పే అసలు ఉదాహరణ బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో 1973 నాటి పీజీ ప్రవేశాలది. ఆరు పెద్ద విభాగాల్లో 4526 దరఖాస్తులు. మగవాళ్ళు 2691 మందిలో 1198 మందికి సీటు, ఆడవాళ్ళు 1835 మందిలో 557 మందికి. అంటే 44.5 శాతం, 30.4 శాతం. విభాగాల వారీగా విడదీస్తే ఆ తేడా దాదాపు మాయమవుతుంది. సీట్లు దొరకడం కష్టమైన విభాగాలకే ఆడవాళ్ళు ఎక్కువగా దరఖాస్తు చేశారు.

అయితే ఎప్పుడూ కలపకూడదా? కలపొచ్చు, ఒక షరతు ఉంది. కలపదలచిన విషయానికి మిగిలిన రెండింటిలో ఏదో ఒకదానితో, రెండోదాన్ని స్థిరంగా ఉంచి చూసినప్పుడు, సంబంధం లేదని మోడల్ చూపించాలి. అప్పుడు మిగిలిన రెండింటి మధ్య ఆడ్స్ రేషియో (ఒక గుంపులో దగ్గేవాళ్ళకూ దగ్గనివాళ్ళకూ ఉన్న నిష్పత్తిని రెండో గుంపులోని అదే నిష్పత్తితో భాగిస్తే వచ్చేది) కలిపినా మారదు. మన పట్టికలో పొగకు వీధితోనూ సంబంధం ఉంది, దగ్గుతోనూ ఉంది. కాబట్టి అక్కడ కలపడానికి వీల్లేదు.

ఇంకో సంగతి. శాతాల్లో చూస్తే పొగ వల్ల తేడా రెండుచోట్లా సరిగ్గా 10 పాయింట్లే. ఆడ్స్ రేషియోలో చూస్తే గోడ పక్కన 1.5, దూరంగా 2.25. లాగ్-లీనియర్ మోడల్ గుణకారంలో ఆలోచిస్తుంది, తీసివేతలో కాదు. మూడు విషయాల ఇంటరాక్షన్, అంటే పొగ ప్రభావం వీధిని బట్టి మారడం, ఉందా అని అది అడిగేది ఆడ్స్ రేషియోల గురించే. 1935లో బార్ట్‌లెట్ రెండేసి విభాగాలున్న మూడు విషయాల పట్టికకు ఈ కొలతనే ఎంచుకున్నాడు, 1956లో సమరేంద్రనాథ్ రాయ్, కాస్టెన్‌బామ్ దాన్ని పెద్ద పట్టికలకు విస్తరించారు. కాబట్టి ‘ఇంటరాక్షన్ ఉంది’, ‘లేదు’ అని రాసే ముందు ఏ కొలతలో అన్నది రాయండి. శాతాల్లో ఆలోచించే డాక్టరుకూ మీకూ మధ్య గొడవ ఇక్కడే మొదలవుతుంది, ఇద్దరూ నిజమే చెబుతూ ఉండగా.

మరి 1.5కీ 2.25కీ తేడాను నమ్మొచ్చా? చేత్తోనే చూడొచ్చు. ఆడ్స్ రేషియో లాగ్‌లో ఎంత అనిశ్చితి ఉందో తెలియాలంటే, ఆ గళ్ళలోని ఒక్కో అంకెతో 1ని భాగించి అన్నీ కూడాలి. ఈ ఎనిమిది గళ్ళకు అలా కూడితే సుమారు 0.443 వస్తుంది. అందులో 0.25 ఒక్క గడిదే, దూరపు వీధుల్లో పొగ తాగకుండా దగ్గే ఆ నలుగురిది. 400 మంది పట్టికలో అనిశ్చితి సగానికి పైగా నలుగురి మీద ఆధారపడి ఉంది. వర్గమూలం తీస్తే 0.665. రెండు లాగ్‌ల తేడా 0.405 మాత్రమే. ఈ లెక్కలతో తేడా ఉందని చెప్పలేం. సాఫ్ట్‌వేర్ కూడా ఇదే చెబుతుంది, కానీ ఆ నలుగురి సంగతి చెప్పదు.

“సున్నా వస్తే 0.5 కలిపేయ్, ప్రోగ్రాం గొడవ చెయ్యదు”

ఆ నలుగురి బదులు అక్కడ సున్నా ఉంటే? 1ని సున్నాతో భాగించలేం. ఆర్‌లో ‘జీఎల్‌ఎం’ వేస్తే ఆ గడికి సంబంధించిన గుణకం మైనస్ ఇరవై దాటి ఎక్కడో ఆగుతుంది, దాని స్టాండర్డ్ ఎర్రర్ వేలల్లో ఉంటుంది. అలాంటి అంకె కనపడితే అది ఫలితం కాదు, ఇక్కడ అంచనా అనంతం వైపు పారిపోతోందన్న కేక. ఆ కేకను నొక్కేయడానికే 0.5 కలపమంటారు.

36 గళ్ళలో 0.5 చొప్పున కలిపితే ఊళ్ళో లేని 18 మంది మీ పట్టికలోకి వచ్చి కూర్చుంటారు. వాళ్ళు అన్ని గళ్ళలోనూ సమానంగా కూర్చుంటారు కాబట్టి, ఉన్న సంబంధాలన్నిటినీ కొంచెం కొంచెం చెరిపేస్తారు. చిన్న గళ్ళలో ఎక్కువగా చెరిపేస్తారు. ఒక్క ఆడ్స్ రేషియోను అంచనా వేసేటప్పుడు 0.5 కలపడానికి గణితంలో సమర్థన ఉంది, దాన్ని కాదనను. పట్టిక మొత్తానికి అలవాటుగా చల్లేయడాన్నే కాదంటున్నాను. ఎస్‌పీఎస్‌ఎస్‌లో హైరార్కికల్ లాగ్-లీనియర్ అన్న మెనూ అన్ని పదాలూ ఉన్న మోడల్‌కు మనం అడగకుండానే ప్రతి గడికీ 0.5 కలుపుతుంది. వద్దనుకుంటే ఆ డెల్టాను మనమే సున్నా చేయాలి.

సున్నా ఎందుకు వచ్చిందన్నదే అసలు ప్రశ్న. టైటానిక్ పట్టికలో 32 గళ్ళుంటే 8 సున్నాలు. వాటిలో నాలుగు ఓడ సిబ్బందిలోని పిల్లలవి. సిబ్బందిలో పిల్లలే లేరు, ఆ గళ్ళు ఎప్పటికీ నిండవు. మిగతా నాలుగు మొదటి, రెండో తరగతి పిల్లల్లో చనిపోయినవాళ్ళవి. ఆ పిల్లలు ఓడలో ఉన్నారు, ఆ పట్టిక ప్రకారం అందరూ బతికారు. రెండు సున్నాలూ చూడటానికి ఒకటే, మోడల్ దృష్టిలో వేరు. మొదటి రకం గళ్ళను మోడల్‌లోంచి తీసేయాలి. రెండో రకాన్ని ఉంచాలి.

మనలి పట్టికలో వయసును కూడా చేర్చారనుకోండి. 14 ఏళ్ళ లోపు పిల్లల్ని ఫ్యాక్టరీల్లో పనికి పెట్టుకోకూడదని చట్టం చెబుతుంది. కాబట్టి ఆ వయసు, నైట్ షిఫ్ట్ కలిసే గళ్ళు సున్నా కావాలి. ఇది ఓడ సిబ్బంది సున్నా లాంటిది కాదు, చట్టం పెట్టిన సున్నా. అక్కడ 1 కనపడితే మోడల్ ఆపేయండి. అది టైపు చేయడంలో తప్పయినా కావాలి, మీ సర్వే కన్నా ముందు ఎవరికైనా చెప్పాల్సిన విషయమైనా కావాలి.

సాఫ్ట్‌వేర్లు ఈ తేడాను తమ తమ పద్ధతిలో ఊహించుకుంటాయి. శాస్‌లో ‘క్యాట్‌మాడ్’ మనం చెప్పకపోతే సున్నాలన్నిటినీ ఎప్పటికీ నిండని రకంగానే తీసుకుంటుంది. ఆర్‌లో ‘లాగ్‌లిన్’ అలా అనుకోదు. నిండని గళ్ళను మనమే మొదటి విలువల్లో సున్నా పెట్టి చెప్పాలి. చెప్పినా, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌ను అది సరిదిద్దదు. ఆ గళ్ళు ఎన్నో మనమే లెక్కపెట్టి తగ్గించుకోవాలి. ఒకే పట్టికను రెండు సాఫ్ట్‌వేర్లకు ఇస్తే రెండు జవాబులు రావడానికి చాలాసార్లు కారణం ఇదే.

“5 కన్నా తక్కువున్న గళ్ళు పనికిరావు” అనే మాట కూడా ఈ కుటుంబంలోదే. ఆ 5 మోడల్ ఆశించే లెక్క గురించి, గడిలో కనపడే లెక్క గురించి కాదు. గడిలో 2 ఉండి, మోడల్ 9 ఆశిస్తే ఆ గడే మీకు అన్నిటికన్నా ముఖ్యం.

“ఇంటరాక్షన్లన్నీ పెట్టి స్టెప్ నొక్కు, అదే ఏరుకుంటుంది”

‘స్టెప్’ అన్న ఆజ్ఞ మోడల్‌లోని పదాలను తనే కలుపుతూ, తీసేస్తూ పోతుంది, కానీ దానికి మీ సర్వే ఎలా జరిగిందో తెలియదు. గోడ పక్కన 200 మందిని, దూరంగా 200 మందిని అడగాలని మీరే నిర్ణయించారు. ఆ 200లు ప్రకృతి ఇచ్చినవి కావు, మీరు పెట్టినవి. మీరు ముందే బిగించిన మొత్తాలకు సంబంధించిన పదాలు మోడల్‌లో ఉండి తీరాలి, వాటిని తీసేసే హక్కు ఏ ప్రోగ్రాంకూ లేదు. ఇక దగ్గును ఫలితంగా, మిగతావాటిని కారణాలుగా చూస్తుంటే, ఆ కారణాల మధ్య ఉన్న ఇంటరాక్షన్లన్నీ ఉంచాలి. అలా ఉంచిన లాగ్-లీనియర్ మోడల్, మామూలు లాజిస్టిక్ రిగ్రెషన్ ఒకటే. అలాంటప్పుడు నేరుగా లాజిస్టిక్ వేయండి, తప్పు చేసే చోట్లు తగ్గుతాయి.

“పీ విలువ 0.05 కన్నా తక్కువొస్తే గెలిచినట్టే”

ఇక్కడ చాలామంది దారి తప్పుతారు, ఎందుకంటే లాగ్-లీనియర్ మోడల్‌లో మొత్తం పట్టిక మీద వచ్చే పీ విలువను ఎదురు దిక్కులో చదవాలి. అది తక్కువైతే మోడల్ పట్టికకు సరిపోలేదని అర్థం. అన్ని పదాలూ పెట్టిన మోడల్ అయితే ఎప్పుడూ అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. పట్టికను మళ్ళీ ఎత్తి రాయడం తప్ప అది చేసిందేమీ లేదు.

బర్క్‌లీ పట్టికకు ‘విభాగాన్ని బట్టి సీటు, విభాగాన్ని బట్టి ఆడామగా, ఈ రెండింటికీ నేరుగా సంబంధం లేదు’ అన్న మోడల్ వేయండి. జీ-స్క్వేర్, అంటే మోడల్‌కీ పట్టికకీ మధ్య దూరం, 21.7, డిగ్రీలు 6. సరిపోలేదు. అయితే ఆడామగాకూ సీటుకూ నేరుగా సంబంధం కలుపుదాం అంటారు సలహాదారులు. కలిపితే 20.2 అవుతుంది, డిగ్రీలు 5. ఒక డిగ్రీ ఖర్చు పెడితే 1.5 మాత్రమే తగ్గింది. ఇక మిగిలిన మూడింటి ఇంటరాక్షన్ కూడా పెట్టేస్తే సున్నా. ఇలా పదాలు కలుపుకుంటూ పోతే ఏం జరిగిందో చివరివరకూ తెలియదు.

పదాలు కలపడం ఆపి, గడి గడికీ మిగిలిన తేడాలు, అంటే రెసిడ్యువల్స్, చూడండి. తేడా మొత్తం ఎ విభాగంలోనే ఉంది. అక్కడ 825 మంది మగవాళ్ళలో 512 మందికి సీటు, 62 శాతం. 108 మంది ఆడవాళ్ళలో 89 మందికి, 82 శాతం. అంటే ఎ విభాగంలో సీటు దక్కిన శాతం ఆడవాళ్ళదే ఎక్కువ. ఆ ఒక్క విభాగాన్ని పక్కన పెట్టి మొదటి మోడలే మళ్ళీ వేస్తే జీ-స్క్వేర్ 2.7, డిగ్రీలు 5. చక్కగా సరిపోయింది. మనలి పట్టికలోనూ అంతే. మోడల్ సరిపోకపోతే ఏ వీధి, ఏ షిఫ్టు గడి ఒప్పుకోవడం లేదో చూడండి. మీరు ఇంకా అడగని ప్రశ్న అక్కడే ఉంటుంది.

‘లాగ్‌లిన్’ మీకు జీ-స్క్వేర్‌తో పాటు పియర్సన్ కై-స్క్వేర్ కూడా ఇస్తుంది. రెండూ దగ్గరగా ఉంటే మంచిది. బాగా దూరంగా ఉంటే గళ్ళు పలచగా ఉన్నాయని గుర్తు, ఏ పీ విలువనూ గట్టిగా నమ్మకండి. ఇక్కడ తెలుగువాళ్ళు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. హడగళిలో పుట్టి, వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్.రావు 1948లో స్కోర్ పరీక్షను ఇచ్చారు. ఈ పట్టికల విషయంలో పియర్సన్ 1900లో కనిపెట్టిన కై-స్క్వేర్ ఆ స్కోర్ పరీక్షకు ఒక ప్రత్యేక రూపమేనని తేలింది.

“వెయిట్లు వేసిన లెక్కలే మోడల్‌కి ఇచ్చేయ్”

ఇంటింటి సర్వేలో ఊరంతటిలోంచి 400 మందిని చీటీలు తీసి ఎవరూ ఎంపిక చేయరు. 20 వీధులు ఎంచుకుని, ఒక్కో వీధిలో 20 మందిని అడుగుతారు. ఊరి జనాభాకు సరిపోయేలా ఒక్కొక్కరికీ ఒక వెయిటు కడతారు. ఆ వెయిట్లు కూడితే 40,000 అయిందనుకుందాం. ఆ పట్టికను జీఎల్‌ఎంకి ఇస్తే, నిజంగా 40,000 మందిని అడిగారనుకుంటుంది. 400 మందితో 6 రావలసిన కై-స్క్వేర్ 600 అవుతుంది. ఇంకొందరు శాతాలుగా మార్చి ఇస్తారు. అప్పుడు మొత్తం 100 కాబట్టి అదే 6 కాస్తా 1.5కి పడిపోతుంది. మనుషులు మారలేదు, దగ్గు మారలేదు. జవాబు మాత్రం మూడు రకాలుగా వచ్చింది.

వెయిట్లు తీసేసి అసలు 400 ఇచ్చినా పూర్తిగా సరికాదు. ఒక వీధిలో ఉండేవాళ్ళు ఒకే గాలి పీలుస్తారు, ఒకే కాలువ పక్కన ఉంటారు. వాళ్ళ జవాబులు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. ఆ దగ్గరితనం 0.05 మాత్రమే అనుకున్నా, వీధికి 20 మంది చొప్పున తీసుకుంటే డిజైన్ ఎఫెక్ట్ 1 కలిపి 19 సార్లు 0.05, అంటే 1.95. మీ 400 మంది నిజానికి 205 మందితో సమానం. 6 ఉన్న కై-స్క్వేర్‌ను 1.95తో భాగిస్తే 3.08. పీ విలువ 0.014 నుంచి 0.079కి మారుతుంది. వీధి మొత్తానికి ఒకేలా ఉండే విషయానికి, ఫ్యాక్టరీ గోడకు దూరం లాంటిదానికి, ఈ దెబ్బ పూర్తిగా తగులుతుంది. పొగ అలవాటు లాంటిది ఒకే వీధిలో ఇంటింటికీ మారుతుంది కాబట్టి దానికి తక్కువ తగులుతుంది.

దీనికి మందు కనిపెట్టినవారిలో ఒకరు మనవాడే. 1937లో ఏలూరులో పుట్టిన జె.ఎన్.కె.రావు అమెరికాలో అయోవా స్టేట్‌లో 1961లో డాక్టరేట్ చేసి, తర్వాత కెనడాలో ఒట్టావాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో స్థిరపడ్డారు. న్యూజిలాండ్‌కు చెందిన ఆలస్టెయిర్ స్కాట్‌తో కలిసి 1981లో రెండు విషయాల పట్టికలకు, 1984లో బహు విషయాల పట్టికలకు ఈ సవరణను రాశారు. రావు-స్కాట్ సవరణ అని ప్రపంచమంతా పిలిచేది దీన్నే. ఆర్‌లో థామస్ లమ్లీ రాసిన ‘సర్వే’ ప్యాకేజీకి వీధులు, వెయిట్లు ఎలా ఎంచుకున్నారో ముందు చెప్పి, ‘ఎస్‌వీవై లాగ్‌లిన్’ అడిగితే ఈ సవరణతోనే జవాబిస్తుంది. ఇంత చేతికందేలా ఉన్నా, వీధుల సంగతి చెప్పకుండా జీఎల్‌ఎం వేసిన రిపోర్టులు చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఏలూరు నుంచి ఒట్టావా దాకా వెళ్ళి ఒక మనిషి చేసిన పని, ఏలూరులో చదువుకునే పిల్లలకే తెలియకపోవడం ఇంకా బాధ.

“డిఫాల్టులు పెద్దవాళ్ళు పెట్టినవి, ముట్టుకోకు”

పెద్దవాళ్ళే పెట్టారు, మీ పట్టికను చూసి పెట్టలేదు. ‘లాగ్‌లిన్’ మార్జిన్ల మొత్తాలను డెమింగ్, స్టీఫన్ 1940లో చెప్పిన పద్ధతిలో ఒకదాని తర్వాత ఒకటి సరిచేస్తూ పోతుంది. తేడా 0.1 కన్నా తగ్గితే, లేదా 20 చుట్లు అయితే ఆగుతుంది. పెద్ద గళ్ళకు 0.1 ఏమీ కాదు, నలుగురున్న గడికి అది చెప్పుకోదగ్గ తేడా. ఆ 0.1ను బాగా తగ్గించి, చుట్లు పెంచి మళ్ళీ వేయండి, ఒక సెకను కూడా పట్టదు. ఇంకొకటి, విభాగాల పేర్లను ప్రోగ్రాం అక్షరక్రమంలో పేరుస్తుంది. ఎక్కువ, తక్కువ, మధ్యస్థం అని వరస వచ్చేస్తుంది, ‘ఎక్కువ’తో పోల్చి మిగతావాటికి గుణకాలు ఇస్తుంది. వరసను మీరే చెప్పండి.

“గుణకాల టేబుల్ అతికించేస్తే రిపోర్టు అయిపోయినట్టే”

గుణకాలు లాగ్‌లో ఉంటాయి, వీధిలో ఎవరూ లాగ్‌లో దగ్గరు. మోడల్ ఆశించే శాతాలను వీధి వారీగా, షిఫ్టు వారీగా రాయండి, ఎంత అటూ ఇటూ కావచ్చో పక్కనే రాయండి. అసలు పట్టికను కూడా చివర్లో ఇవ్వండి. 36 అంకెలు అరపేజీలో పడతాయి, ఎవరైనా మళ్ళీ కట్టి చూసుకోవచ్చు. ఒక్క జాగ్రత్త తీసుకోండి. చిన్న వీధిలో నైట్ షిఫ్ట్, బీడీ, దగ్గు కలిసిన గడిలో 1 ఉంటే ఆ ఒక్కరూ ఎవరో ఆ వీధి వాళ్ళకు వెంటనే తెలిసిపోతుంది, ఫ్యాక్టరీ సూపర్‌వైజరుకూ తెలుస్తుంది. కాంట్రాక్టు మీద పనిచేసేవాడికి ఆ 1 వల్ల పని పోవచ్చు. లెక్క కట్టేటప్పుడు వీధులను విడిగానే ఉంచండి. అచ్చు వేసేటప్పుడు మాత్రం అలాంటి చిన్న వీధులను పక్క వీధులతో కలిపి చూపించి, అలా కలిపామని పట్టిక కిందే రాయండి.